కనిపించని కుట్టు – నేర్చుకుందాం రండి!

 

మన గోడ పత్రికలో కథలు, కవితలు, పొడుపు కథలు, జి.కె. ప్రశ్నలు బాగానే వస్తున్నాయి. చేతిపని గురించి మాత్రం ఎవరూ రాయడం లేదు. అందుకని నాకు తెలిసిన పని ఒకటి పాఠంలాగ రాస్తున్నాను. అదే కనిపించని కుట్టు. అంటే గుడ్డను పైవైపు నుంచి చూస్తే దారం కనబడకూడదు, అతుకు వేసినట్టు తెలియకూడదు. కాని కుట్టు గట్టిగా ఉండాలి.

ఈ పని నాకు మా మావ దగ్గర అబ్బింది. మా మావ సంతల్లో టైలరు. సంత రోజున చింతచెట్టు కింద మిషను పెట్టుకొని కూర్చుంటాడు. సెలవుల్లో నేను వెంట వెళ్లి గుండీలు కుట్టేవాణ్ణి, లంగాల అంచులు మడిచేవాణ్ణి. "ఒరే అల్లుడూ, మిషను కుట్టు ఎవడైనా కుడతాడు. మనిషి చెయ్యి తెలిసేది చేతికుట్టులోనే" అనేవాడు మావ. ఆయన చెప్పినవి, నేను చేసి చూసినవి కలిపి రాస్తున్నాను.

1. ఇది మనకెందుకు?

మనకు ఇచ్చిన యూనిఫారం జతలే ఏడాది అంతా రావాలి. వాటితోనే ప్రేయరు, వాటితోనే బడి, సాయంత్రం కబాడీ కూడా వాటితోనే. ఆదివారం బండమీద ఉతుకుడు సరేసరి. ముందు చంక దగ్గర కుట్టు విడిపోతుంది. తర్వాత జేబు మూల ఊడుతుంది. తర్వాత ప్యాంటు కింద మడత జారుతుంది. అప్పుడు మనం ఏం చేస్తాం? పిన్నీసు పెడతాం. లేదా దొరికిన దారంతో గబగబా లాగి కుట్టేస్తాం. తెల్ల చొక్కా మీద నల్ల దారం ఉంటే దూరానికి జెర్రి పాకినట్టు కనబడుతుంది.

మా తరగతిలో ఒక మిత్రుడు లెక్కల్లో మంచి చురుకు. కొన్నాళ్లుగా సారు ప్రశ్న అడిగితే చెయ్యి ఎత్తడం మానేశాడు. సారు కూడా వాడికి చదువు మీద శ్రద్ధ తగ్గిందనుకున్నారు. విషయం అది కాదు. వాడి చొక్కా చంక కింద జానెడు విడిపోయింది. చెయ్యి ఎత్తితే ఒళ్లు కనబడుతుంది. వెనక బెంచీవాళ్లు నవ్వుతారని వాడి భయం. ఒక రాత్రి స్టడీ అవర్ అయ్యాక చొక్కా విప్పించి లోపలివైపు నుంచి కుట్టి ఇచ్చాను. పది నిమిషాల పని. మర్నాడు లెక్కల క్లాసులో మొదటి చెయ్యి వాడిదే.

చిరుగు చిన్నదే. కాని దానివల్ల ఒకడు తెలిసిన జవాబు చెప్పకుండా కూర్చున్నాడు. అందుకే ఈ పాఠం మన హాస్టలుకు అవసరం అనుకుంటున్నాను.

2. మన అడవిలోనే ఉన్న టైలర్లు

మనిషి కంటే ముందే కుట్టు నేర్చినవి ఉన్నాయి. టైలరు పిట్ట పేరు వినే ఉంటారు. దర్జీ పిట్ట అని కూడా అంటారు. తోక పైకెత్తుకొని పొదల్లో గెంతుతూ ఉండే చిన్న పిట్ట. అది వెడల్పాటి ఆకు అంచుల్ని దగ్గరకు తెచ్చి, ముక్కుతో సన్న బెజ్జాలు పొడిచి, సాలీడు దారం, దూదిపోగులు, నారపోగులు వాటిలో దూర్చి దొన్నెలాగ చేస్తుంది. అందులో గూడు కడుతుంది. ఆకు పచ్చని పైముఖం బయటికే ఉంటుంది. బెజ్జాలు చాలా చిన్నవి. ఆకు చెట్టునే ఉంటుంది, పచ్చగానే ఉంటుంది. పక్కనుంచి వెళ్లినా గూడు ఉన్నట్టు తెలియదు. దానికి కుట్టు కనబడకపోవడమంటే పిల్లలు బతకడమే.

చెట్టెక్కితే పట్టి కరిచే ఎర్రచీమలు కూడా ఇలాంటివే. కొన్ని చీమలు ఆకుల అంచుల్ని లాగి పట్టుకుంటాయి. ఇంకొన్ని తమ పిల్లపురుగుల్ని నోట కరచుకొని అటూ ఇటూ తిప్పుతాయి. ఆ పిల్లపురుగుల నోటినుంచి వచ్చే పట్టుదారంతో ఆకులు అతుక్కుంటాయి.

మన అమ్మలు అడ్డాకులతో విస్తర్లు కుట్టడం గమనించండి. పుల్ల ఆకులోకి దిగి, కొంచెం పోయి, పైకి చిన్నగా వచ్చి, మళ్లీ దిగుతుంది. పైకి కనబడే ముక్క ఎంత చిన్నదైతే విస్తరి అంత నున్నగా ఉంటుంది. కనిపించని కుట్టుకు మూలసూత్రం ఇదే. దారం ఎక్కువ భాగం లోపల నడవాలి, పైకి వచ్చేది చాలా తక్కువ ఉండాలి.

3. కుట్టు ఎందుకు కనబడుతుంది?

కారణాలు తెలిస్తే మందు తెలుస్తుంది. నాలుగు కారణాలు:

అ) రంగు. దారం రంగు గుడ్డ రంగుకు సరిపోకపోవడం. సరిగ్గా అదే రంగు దొరకనప్పుడు గుడ్డ కంటే ఒక్క వీసం ముదురు రంగు తీసుకోవాలి, లేతది కాదు. రీలు మీద చుట్టి ఉన్నప్పుడు దారం ముదురుగా కనబడుతుంది. ఒంటిపోగు లాగి గుడ్డమీద పరిచి చూస్తే లేతగా కనబడుతుంది. అందుకని రీలు చూసి కొనకూడదు, పోగు పరిచి చూడాలి.

ఆ) ఏటవాలు. రెండు అంచుల మధ్య దారం వాలుగా పోతే లాగినా దాగదు. నిటారుగా, ఎదురెదురుగా పోతే లాగగానే గుడ్డలోకి వెళ్లిపోతుంది.

ఇ) పెద్ద కాటు. సూది గుడ్డను ఎంత పట్టుకుంటుందో దాన్ని మావ "కాటు" అంటాడు. పైవైపు గుడ్డలో ఒక్క పోగు, మహా అయితే రెండు పోగులు పట్టాలి. ఐదారు పోగులు పడితే చుక్కలాగ కనబడుతుంది.

ఈ) బిగువు. దారాన్ని గట్టిగా లాగితే గుడ్డ గుంట పడుతుంది. అప్పుడు దారం కనబడకపోయినా గుంట కనబడుతుంది. దారం గుడ్డతోపాటు పడుకోవాలి, గుడ్డను లాక్కోకూడదు.

4. కావలసిన సామాను

సన్న సూది, సరిపడ రంగు దారం, కత్తెర లేదా బ్లేడు, నాలుగు గుండుసూదులు. అంతే.

సూది నంబర్లలో ఒక తిరకాసు ఉంది. చేతి సూదుల్లో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. మిషను సూదుల్లో నంబరు పెరిగేకొద్దీ లావవుతుంది. చొక్కా గుడ్డకు 9 లేక 10 నంబరు చేతి సూది బాగుంటుంది. బస్తాలు కుట్టే దబ్బనం పనికిరాదు.

దారం మూరెడు చాలు. బారెడు తీస్తే చిక్కు పడుతుంది, ముడులు పడుతుంది, రాపిడికి నూగు లేస్తుంది. కనిపించని కుట్టుకు ఒంటిపోగే వాడాలి, రెండు పేటలు వద్దు. సూది కదలకపోతే తలలో ఒకసారి రాసుకోండి. అమ్మమ్మలు చేసేది అదే. తలనూనె సూదికి అంటి జారుతుంది. సబ్బుముక్క మీద గీసినా జారుతుంది కాని సూదిని సబ్బులోనే గుచ్చి వదిలేస్తే మన వానాకాలం చెమ్మకు తుప్పు పడుతుంది.

5. కుట్టు విడిపోయిందా, గుడ్డ చిరిగిందా?

సూది పట్టుకోకముందు ఈ ప్రశ్న వేసుకోవాలి. వైద్యుడు ముందు రోగం కనిపెట్టినట్టే ఇది కూడా.

చంక దగ్గర, ప్యాంటు కాళ్ల మధ్య, పక్కల్లో ఎక్కువగా జరిగేది దారం తెగడం. గుడ్డ బాగానే ఉంటుంది. చొక్కాను తిరగేసి చూస్తే పాత కుట్టు బెజ్జాలు వరసగా కనబడతాయి. ఆ బెజ్జాల వెంటే లోపలినుంచి తిరుగుకుట్టు వెయ్యాలి. తిరుగుకుట్టు అంటే ఒక అడుగు ముందుకు వేసి, సగం అడుగు వెనక్కి వచ్చి, మళ్లీ ముందుకు పోవడం. విడిపోయిన చోటికి రెండు పక్కలా ఒక్కో అంగుళం పాత కుట్టు మీదికి కూడా ఎక్కించాలి. లేకపోతే అక్కడినుంచి మళ్లీ ఊడుతుంది. తిరగేసి చూస్తే పైకి ఏమీ తెలియదు. ఒరిపిడి ఎక్కువగా ఉండే చోట ఇదొక్కటే పనికొస్తుంది. కింద చెప్పబోయే నిచ్చెన కుట్టు అక్కడ నిలవదు.

గుడ్డే చిరిగితే వైద్యం వేరు. దానికి మాసిక వెయ్యాలి. అది 8వ భాగంలో చెబుతాను.

6. నిచ్చెన కుట్టు

లోపలివైపుకి చెయ్యి పోని చోట ఇది వాడతాం. దిండు మూతి, దుప్పటి బొంత అంచు, అస్తరు ఉన్న కోటు, కాలరు మూల, టోపీ, సంచి అడుగు. వీటిని తిరగెయ్యలేం. పైనుంచే కుట్టాలి, కాని కుట్టు కనబడకూడదు.

మంచె ఎక్కే నిచ్చెనను మనసులో పెట్టుకోండి. రెండు గడలు, మధ్యలో అడ్డ మెట్లు. గడలు అంటే గుడ్డ రెండు మడతలు. మెట్లు అంటే దారం.

మొదటి మెట్టు: రెండు అంచుల్నీ కుట్టు గీత దగ్గర లోపలికి మడవండి. వేలిగోటితో గట్టిగా గీసి మడత నిలిచేలా చెయ్యండి. రెండు మడతలూ పెదవుల్లాగ ఎదురెదురుగా ఉండాలి.

రెండో మెట్టు: దారం కొసకు ముడి వేసి, ఒక మడత లోపలినుంచి సూదిని మడత కొసమీదికి తియ్యండి. ముడి లోపల దాగిపోతుంది.

మూడో మెట్టు: సరిగ్గా ఎదురుగా ఉన్న మడతలోకి సూదిని దించండి. వాలుగా కాదు, సూటిగా. ఆ మడత లోపల 3 లేక 4 మి.మీ. నడిపించి బయటికి తియ్యండి.

నాలుగో మెట్టు: మళ్లీ సూటిగా ఇవతలి మడతలోకి. లోపల అంతే దూరం నడిపి బయటికి.

ఇలా నాలుగైదు మెట్లు వేశాక చూస్తే అచ్చం నిచ్చెనే. ఇప్పుడు దారాన్ని కుట్టు గీత వెంట, మెల్లగా లాగండి. మెట్లు ఒక్కటొక్కటే గుడ్డలోకి మాయమవుతాయి, రెండు పెదవులూ మూసుకుంటాయి. మొదటిసారి చూసినవాళ్లకు ఇది గారడీలాగ ఉంటుంది. నేను నేర్పిన ఏడో తరగతి పిల్లలు దిండు మూతి కుట్టి, మళ్లీ విప్పి, మళ్లీ కుట్టారు, ఆ లాగుడు చూడ్డానికి!

చివర చిన్న ముడి వేసి, సూదిని అదే బెజ్జంలో దించి, అంగుళం అవతల బయటికి తీసి, కొంచెం లాగి పట్టి దారం కత్తిరించండి. కొస లోపలికి జారిపోతుంది.

7. అంచు మడత, చీర ఫాలు

ప్యాంటు కింద, లంగా కింద మడత ఊడినప్పుడు మనం పైకి కనబడేలా పెద్ద పెద్ద కుట్లు వేస్తాం. ఇలా చెయ్యండి. ముందు ఒక సెం.మీ. మడవండి. దాన్ని మళ్లీ 3 లేక 4 సెం.మీ. మడవండి. ఇస్త్రీ ఉంటే ఇస్త్రీ, లేకపోతే పరుపు కింద రాత్రంతా పెట్టండి. పొద్దున్నకి మడత నిలుస్తుంది. గుండుసూదులు పెట్టండి.

ఇప్పుడు సూదితో అసలు గుడ్డలో ఒక్క పోగు మాత్రం పట్టండి. తర్వాత మడత కొసలోపల 6 నుంచి 8 మి.మీ. నడపండి. మళ్లీ ఒక్క పోగు. దారం వదులుగా ఉండాలి. ప్రతి జానెడుకీ ఒకచోట, మడతలోనే, తిరుగుకుట్టు వేసి బిగించండి. ఎందుకంటే రేపు ఒకచోట కాలివేలు తగిలి తెగినా మొత్తం మడత జారదు, ఆ జానెడే జారుతుంది. ఇది మావ చెప్పిన కిటుకు. కుట్టు కనబడకుండా ఉండడమే కాదు, ఒకచోట తెగితే నష్టం అక్కడితో ఆగాలి కూడా.

చీరకు ఫాలు కుట్టేది కూడా ఈ కుట్టుతోనే. ఫాలు అంటే చీర కుచ్చిళ్ల కింద అంచుకు లోపలివైపు వేసే గుడ్డపట్టీ. నూలు ఫాలును ముందే నీళ్లలో నానబెట్టి ఆరబెట్టాలి. లేకపోతే తొలి ఉతుకులోనే అది ముడుచుకుపోయి చీర అంచు ముడతలు పడుతుంది. పెళ్లిళ్ల రోజుల్లో సంతలో మావకు ఫాలు పనే ఎక్కువ. ఊళ్లలో ఎంతోమంది ఆడవాళ్లు ఈ ఒక్క కుట్టుతోనే ఇంట్లో కూర్చుని నాలుగు రాళ్లు సంపాదించుకుంటున్నారు.

ఇంకో ఉపయోగం. ఎదిగే పిల్లల బట్టలకు మడత ఎక్కువ ఉంచి కుడితే, పొడుగైనప్పుడు విప్పి దింపుకోవచ్చు. పాత మడత గీత మీద తడిగుడ్డ వేసి వేడి ఇస్త్రీ పెడితే చాలావరకు పోతుంది. గీత దగ్గర రంగు వెలిసిపోయి ఉంటే మాత్రం పోదు. అప్పుడు ఆ గీత మీదే ఒక వరస రంగుకుట్టు వేస్తే డిజైనులాగ ఉంటుంది.

8. మాసిక – గుడ్డను మళ్లీ నేయడం

మేకు తగిలో, ముళ్లకంచె తగిలో గుడ్డే చిరిగితే మాసిక వెయ్యాలి. ఇది అర్థం కావాలంటే గుడ్డ ఎలా పుడుతుందో తెలియాలి. మగ్గం మీద నిలువు పోగులు పడుగు. అడ్డంగా నాడెతో నడిచే పోగులు పేక. పేక ఒక పడుగు పోగు మీదుగా, తర్వాతి పోగు కిందుగా పోతుంది. చిరుగు అంటే కొంత పడుగు, కొంత పేక తెగడం. మాసిక అంటే సూదితో వాటిని మళ్లీ నేయడం.

ముందు చిరుగుకు చుట్టూ కనీసం అర సెం.మీ. దాకా నిలువుగా దారాలు పక్కపక్కనే నడపండి. తర్వాత అడ్డంగా, ఒకటి పైన, ఒకటి కింద, నేత లాగే పోనివ్వండి. వరస మారినప్పుడల్లా ఒకటి కింద, ఒకటి పైన. ప్రతి వరస చివర తిరిగేటప్పుడు దారాన్ని బిగించకుండా చిన్న ఉంగరంలాగ వదలండి. ఉతికినప్పుడు దారం ముడుచుకున్నా గుడ్డను లాగదు.

దారం ఎక్కడిది? రహస్యం ఇదే. అదే బట్ట లోపలి కుట్టు అంచునుంచో, కింది మడతనుంచో నాలుగు పోగులు లాగి వాటితోనే వెయ్యాలి. రంగు అదే, లావు అదే, వెలిసిపోవడం కూడా అదే. కొత్త దారం ఎంత మంచిదైనా పాత చొక్కామీద కొత్తగానే కనబడుతుంది.

ఈ విద్యలో ఆరితేరినవాళ్లను రఫూగర్లు అంటారు. ఉత్తరప్రదేశ్ లోని నజీబాబాద్ రఫూగర్లకు పేరు పొందిన ఊరు. 19వ శతాబ్దంలో కాశ్మీరు శాలువాలను త్వరగా ముగించడానికి ముక్కలు ముక్కలుగా వేర్వేరు మగ్గాల మీద నేసేవారు. రఫూగర్లు ఆ ముక్కల్ని పూవుకు పూవు, పోగుకు పోగు కలిపి అతికేవారు. కొన్నవారికి అది ఒకటే శాలువా! నేసినవారి పనికి వీరి పని ఏమాత్రం తక్కువ కాదు.

మీకు తెలుసా? మన గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచు పట్టు. రెండూ వేర్వేరు పోగులు. అయినా మధ్యలో సూది కుట్టు లేదు. నేసేటప్పుడే ఒళ్లు పేకను, అంచు పేకను ఒకదానిలో ఒకటి మెలివేసి కలుపుతారు. కుట్టు కనబడకపోవడం కాదు, అసలు కుట్టే లేదు!

9. స్వెటరు విడిపోతే

మన వైపు చలి సంగతి చెప్పనక్కరలేదు. మార్గశిరం వచ్చిందంటే పొద్దున్నే మంచులో ప్రేయరుకు నిలబడాలి. స్వెటరు చంక విడిపోతే చలిగాలి నేరుగా లోపలికి వస్తుంది.

స్వెటరు నేసిన గుడ్డ కాదు, అల్లిన గుడ్డ. దానిలో పడుగు, పేక లేవు. ఒకే పోగు ఉచ్చులు ఉచ్చులుగా ఒకదానిలో ఒకటి దూరి ఉంటుంది. అందుకే అది సాగుతుంది. అందుకే ఒక ఉచ్చు తెగితే నిచ్చెనలాగ కిందిదాకా జారుతుంది కూడా.

పక్క కుట్టు విడిపోతే పైవైపు మీకు కనబడేలా రెండు అంచులూ పక్కపక్కన పెట్టండి. అంచునుంచి మొదటి ఉచ్చుల వరసకు, రెండో వరసకు మధ్య మెల్లగా సాగదీసి చూడండి. అడ్డంగా సన్న పోగులు, మెట్లలాగ కనబడతాయి. మొద్దు సూదితో ఒక పక్క ఒక మెట్టు కిందనుంచి తియ్యండి. ఎదురు పక్క అదే ఎత్తులో ఉన్న మెట్టు కిందనుంచి తియ్యండి. ఇలా ఐదారు మెట్లు అయ్యాక లాగితే రెండు అంచులూ లోపలికి ఒదిగి, ఉచ్చుల వరసలు ఏకమైనట్టు కనబడతాయి. చూశారా, ఇదీ నిచ్చెన కుట్టే! గుడ్డ మారింది, సూత్రం మారలేదు.

రెండు జాగ్రత్తలు. ఒకటి, బిగించకూడదు. లాగాక స్వెటరును ఒకసారి పొడవునా సాగదీసి వదలండి. దారం కూడా దానితో సాగాలి, లేకపోతే తల దూర్చేటప్పుడు టప్ మని తెగుతుంది. రెండు, ఎక్కడైనా ఉచ్చు జారి ఉంటే ముందు దాన్ని చిన్న కొక్కెంతో ఒక్కో మెట్టూ ఎక్కిస్తూ పైదాకా తెచ్చి దారంతో కట్టెయ్యండి. అది వదిలేసి కుడితే పక్కనుంచి మళ్లీ జారుతుంది.

10. "ఇది ఆడపిల్లల పని" అనేవారికి

నేను సూది పట్టుకుంటే కొందరు మిత్రులు ఇదే అన్నారు. నేను అడుగుతున్నాను: సంతలో మిషను తొక్కేది ఎవరు? ఎక్కువమంది మగవాళ్లే కదా. కాశ్మీరు రఫూగర్లు మగవాళ్లే.

ఇంకా వినండి. మన ప్రాచీన వైద్యుడు సుశ్రుతుడి సంహితలో గాయాలను సూది, దారంతో కుట్టే పద్ధతులు ఉన్నాయి. పేగు చీలితే నల్లచీమలతో అంచులు కరిపించి, తలలు అలాగే ఉంచి ఒళ్లు తెంచేయాలని కూడా అందులో ఉంది. ఆ చీమ తలలే కుట్లు!

1894లో ఫ్రాన్సు అధ్యక్షుడు సాదీ కార్నోను లియాన్ నగరంలో కత్తితో పొడిచారు. తెగిన పెద్ద రక్తనాళాన్ని కుట్టే విద్య అప్పటి వైద్యులకు లేదు. ఆయన చనిపోయారు. అదే నగరంలో వైద్యం చదువుతున్న అలెక్సిస్ కారెల్ అనే యువకుడు ఇది మనసుకు పట్టించుకున్నాడు. బట్టలమీద ఎంబ్రాయిడరీ చేసే ఒక స్త్రీ దగ్గరకు వెళ్లి సన్న సూదిపని నేర్చుకున్నాడు. రక్తనాళాలను కారకుండా కుట్టే పద్ధతిని 1902లో ప్రకటించాడు. 1912లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఈ రోజు గుండె ఆపరేషను చేసినా, కిడ్నీ మార్చినా రక్తనాళాలు కుట్టక తప్పదు. ఆ విద్యకు దారి చూపినవాళ్లలో సూదిపని చేసుకునే ఒక స్త్రీ ఉంది.

ఇప్పుడు డాక్టర్లు చర్మం కిందనే దారం నడిపే కుట్టు కూడా వేస్తున్నారు. దారం చర్మం పొరలోపల అటూ ఇటూ పోతుంది, పైకి మెట్లు కనబడవు, మచ్చ సన్నగా పడుతుంది. అది కూడా మన నిచ్చెన కుట్టు చుట్టమే. మనలో డాక్టరు కావాలనుకునేవాళ్లు ఉన్నారు. వాళ్లు ముందు దిండు మూతి కుట్టి చూడండి.

11. దాచడం సిగ్గు వల్లనా?

ఇది నేర్చుకొనేటప్పుడు నాకు ఒక సందేహం వచ్చింది. అతుకును ఎందుకు దాచాలి? అతుకు వేసుకోవడం తప్పా? మావను అడిగాను. "తప్పేటీ కాదురా. అతుకు సిగ్గు కాదు. సరిగ్గా కుట్టకపోవడం సిగ్గు" అన్నాడు.

నాకు అర్థమైంది ఇది. అతుకు బట్టను చూసి ఎవరినైనా నవ్వితే తప్పు నవ్వినవాడిదే. కాని ఆ నవ్వు మానేదాకా మన మిత్రుడు చెయ్యి దించుకొని కూర్చోకూడదు కదా. అందుకని రెండూ చేద్దాం. నవ్వడం మానుదాం, కుట్టడం నేర్చుకుందాం. పనిచేసే చోట వేసుకునే బట్టకు గట్టి అతుకు పైకే వేసుకోండి, ఫర్వాలేదు. బడికి వేసుకునే బట్టకు కనబడకుండా కుట్టుకోండి.

12. వార్డెను గారికి విన్నపం

ప్రతి గదికీ ఒక సూదుల డబ్బా ఉంటే బాగుంటుంది. అందులో ఆరు సూదులు, తెలుపు దారం, యూనిఫారం రంగుల దారాలు, చిన్న కత్తెర, కొన్ని గుండీలు ఉంటే చాలు. నియమాలు మేమే పెట్టుకుంటాం:

– సూదులు లెక్క పెట్టి ఇచ్చి, లెక్క పెట్టి తీసుకోవాలి. మనం కింద పడుకుంటాం, చెప్పులు లేకుండా నడుస్తాం. ఒక్క సూది తప్పినా దొరికేదాకా ఎవరూ పక్క వెయ్యకూడదు.
– సూదిని నోట్లో పెట్టుకోకూడదు, దుప్పటికి గుచ్చకూడదు, చొక్కాకు గుచ్చుకొని మరచిపోకూడదు.
– విరిగిన ముక్కలు కాగితంలో చుట్టి వార్డెను గారికి అప్పగించాలి.
– కొబ్బరినూనె చుక్క వేసిన గుడ్డముక్కలో సూదులు గుచ్చి ఉంచితే తుప్పు పట్టదు.
– పెద్దపిల్లలు చిన్నపిల్లలకు కుట్టిపెట్టడం కాదు, కుట్టడం నేర్పాలి.

ఆదివారం ఉతికిన బట్టలు ఆరేసేటప్పుడే ఏది ఎక్కడ విడిపోతోందో చూసుకుంటే, అంగుళం ఉన్నప్పుడే కుట్టుకోవచ్చు. జానెడు అయ్యేదాకా ఆగితే దారం జానెడు, టైము జానెడు.

అభ్యాసం (జవాబులు పైన పాఠంలోనే ఉన్నాయి)

1) పడుగు, పేక అంటే ఏవి?
2) దారం రంగు దొరకనప్పుడు ముదురు తీసుకోవాలా, లేత తీసుకోవాలా? ఎందుకు?
3) చంక దగ్గర నిచ్చెన కుట్టు ఎందుకు పనికిరాదు? అక్కడ ఏ కుట్టు వెయ్యాలి?
4) మాసికకు పోగులు ఎక్కడినుంచి తియ్యాలి?
5) చేతిపని: పాత గుడ్డముక్కలు రెండు తెచ్చి, జానెడు నిచ్చెన కుట్టు వేసి, శనివారం సాయంత్రం నీళ్ల ట్యాంకు దగ్గరకు తీసుకురండి. రెండు మూరల దూరంనుంచి నేను చూస్తాను. కుట్టు ఎక్కడుందో నేను చూపించలేకపోతే మీరు పాసు!

సూది, దారం నేను తెస్తాను. గుడ్డ మీరు తెచ్చుకోండి. సెలవు.

– తొమ్మిదవ తరగతి విద్యార్థి